పక్షవాతం తరువాత ఒళ్లు ఒక పక్కకు వంగిపోతుంటే మందులను ఎప్పుడు అనుమానించాలి?

మీరు అడిగిన విషయాన్ని ముందు క్లుప్తంగా చెప్పి, తరువాత సమాధానానికి వస్తాను. మీ నాన్నగారికి 68 ఏళ్లు. అయిదు నెలల క్రితం మెదడులో కుడి వైపు రక్తనాళం మూసుకుపోవడంతో ఎడమ చెయ్యి, ఎడమ కాలు పడిపోయాయి. మూడో నెల చివరికి ఆయన ఆసరా లేకుండా కూర్చుని, చేతికర్రతో నాలుగడుగులు వేయగలిగారు. గత నెల రోజులుగా మాత్రం కుర్చీలో కూర్చోబెట్టిన కాసేపటికే కుడి పక్కకు వంగిపోతున్నారు, తల కిందికి వాలుతోంది, చొంగ కారుతోంది. రక్తం పలుచబడడానికి క్లోపిడోగ్రెల్, కొలెస్ట్రాల్‌కు అటోర్వాస్టాటిన్, బీపీకి టెల్మిసార్టాన్ మొదటి నుంచీ వాడుతున్నారు. రాత్రిళ్లు కేకలు వేస్తున్నారని రెండున్నర నెలల క్రితం రిస్పెరిడోన్ 1 మిల్లీగ్రాము, కడుపు ఉబ్బరంగా ఉందంటే రెండు నెలల క్రితం పరగడుపున వేసుకునే రాబెప్రజోల్, లెవోసల్పిరైడ్ కలిపిన క్యాప్సూల్, ఒళ్లు బిగుసుకుంటోందని మూడు వారాల క్రితం బాక్లోఫెన్ తోడయ్యాయి. ఇది మందుల వల్లనా, అయితే వాటిని మానేయవచ్చా, నాన్నగారు మళ్లీ నిటారుగా కూర్చోగలరా అన్నవి మీ ప్రశ్నలు.

నరాల వ్యాధుల వైద్యుడిగా నా అభిప్రాయం ముందే చెబుతాను. రోగిని స్వయంగా చూడకుండా నిర్ధారణ చేయకూడదు గాని, మీరు రాసిన తేదీల వరుసను బట్టి ఇక్కడ మందులను గట్టిగా అనుమానించాలి. పక్షవాతం వల్ల వచ్చే లోపం మొదటి రోజుల్లోనే ఎక్కువగా ఉండి, తరువాత నెమ్మదిగా తగ్గుతూ వస్తుంది, లేదా ఒక స్థాయి దగ్గర ఆగిపోతుంది. మూడో నెలలో చక్కగా కూర్చున్న మనిషి నాలుగో నెలలో కూర్చోలేకపోతున్నారంటే, ఆ మధ్యలో కొత్తగా ఏదో జరిగిందని అర్థం. అది మందు కావచ్చు, మరో చిన్న పక్షవాతం కావచ్చు, కిందపడినప్పుడు మెదడు పైపొర కింద చేరిన రక్తం కావచ్చు, మూత్రంలో ఇన్‌ఫెక్షన్ కావచ్చు, రక్తంలో సోడియం పడిపోవడం కావచ్చు. వీటిలో దేన్నీ చూడకుండా పాత పక్షవాతం మీదికి నెట్టేయడం సరికాదు.

పక్షవాతం సొంతంగా భంగిమను ఎలా చెడగొడుతుందో తెలిస్తే తేడా కనిపెట్టడం తేలికవుతుంది. నడుము, పొట్ట కండరాలు ఒక వైపు బలహీనమైతే మనిషి ఎక్కువగా పడిపోయిన వైపుకే ఒరుగుతాడు. ఇంకొందరిలో, ముఖ్యంగా మెదడు కుడి సగం దెబ్బతిన్నవారిలో, బాగున్న చేతితో, కాలితో తమను తామే పడిపోయిన వైపుకు నెట్టుకునే లక్షణం కనిపిస్తుంది. వారి ఒంటికి ‘నిటారు’ అంటే ఏమిటో లెక్క తప్పుతుంది. నిజంగా నిటారుగా కూర్చోబెడితే అవతలి పక్కకు పడిపోతున్నట్టు అనిపించి భయపడి, సరిచేయబోయిన వారిని గట్టిగా ప్రతిఘటిస్తారు. ఈ నెట్టుకోవడం మొదటి వారాల్లోనే మొదలై, చాలామందిలో ఆరు నెలల లోపు తగ్గుతుంది. మెదడు కాండం పక్క భాగంలో దెబ్బ తగిలినవారు మాత్రం దెబ్బ ఉన్న వైపుకే లాగినట్టు ఒరుగుతారు, కాని అది కూడా మొదటి రోజు నుంచే ఉంటుంది, దానితో పాటు తల తిరగడం, మింగడంలో ఇబ్బంది ఉంటాయి. మీ నాన్నగారికి ఎడమ పక్క పడిపోయింది, వంగుతున్నది కుడి వైపుకు, అదీ నాలుగో నెలలో మొదలైంది. పక్షవాతం వచ్చినవారు బరువును బాగున్న తుంటి మీద వేసుకుని కూర్చోవడం మామూలే, పడిపోయిన భుజంలో నొప్పి ఉన్నా అవతలికి జరుగుతారు. అయితే అలా బరువు మార్చుకోవడం వేరు, నడుము దగ్గర నుంచి ఒళ్లు విల్లులా వంగిపోవడం వేరు.

ఇంట్లోనే మీరు చేయగల ఒక పరిశీలన ఉంది, నేను దీనికి చాలా విలువ ఇస్తాను. పడిపోయిన చేతిని కాసేపు పక్కన పెట్టి, బాగున్న కుడి చేతిని చూడండి. బొటనవేలిని, చూపుడువేలిని వీలైనంత పెద్దగా విడదీసి, వేగంగా తాకించమని చెప్పండి, పదిహేను ఇరవై సార్లు చేయనివ్వండి. మొదట బాగా విచ్చుకున్న వేళ్లు పోను పోను దగ్గరవుతూ, వేగం తగ్గుతూ, మధ్యలో ఆగిపోతున్నాయా? మోచేతిని పట్టుకుని మెల్లగా వంచి చాచినప్పుడు అడుగడుగునా అడ్డు తగులుతున్నట్టు బిగుతుగా ఉందా? కనురెప్పలు కొట్టడం తగ్గిందా, ముఖంలో కదలిక పోయిందా, గొంతు సన్నబడిందా, పెదవులు లేదా గడ్డం వణుకుతున్నాయా? ఎడమ చెయ్యి, కాలు మాత్రమే పడిపోయిన మనిషిలో కుడి చెయ్యి ఇలా మందగించడానికి ఆ పక్షవాతం కారణం కాదు. చొంగ కారడం, తల వాలడం కూడా వీటితో కలిస్తే, మందుల వల్ల వచ్చే పార్కిన్‌సన్ లక్షణాలు అని అనుకోవలసి ఉంటుంది.

వంపును సరిగ్గా చూడడానికి కూడా ఒక పద్ధతి ఉంది. సోఫా మీద గాని, కుంగిపోయిన నవ్వారు మంచం మీద గాని కూర్చోబెట్టి చూస్తే ఎవరైనా వంకరగానే కనిపిస్తారు. చేతులు లేని గట్టి కుర్చీలో, రెండు పాదాలు పూర్తిగా నేలకు ఆనేలా కూర్చోబెట్టి, చొక్కా తీసి, వెనక నుంచి వీపు ఎత్తులోనే ఫోన్ పట్టుకుని ఫొటో తీయండి. వెనక తలుపు చట్రం కనిపించేలా చూసుకుంటే నిలువు గీత ఎక్కడుందో తెలుస్తుంది. చంక నుంచి తుంటి ఎముక వరకు ఉన్న దూరం రెండు వైపులా పోల్చండి, వంగిన వైపు చర్మం మడతలు పడి, ఆ దూరం కురచగా కనిపిస్తుంది. పది నిమిషాల తరువాత మరో ఫొటో తీయండి. ఆపైన ఆయనను గట్టి పరుపు మీద వెల్లకిలా పడుకోబెట్టండి. పడుకోగానే వంపు పూర్తిగా పోతే, అది వెన్నెముకలో స్థిరపడిన వంకర కాదు, కండరాల బిగువు అదుపు తప్పడం వల్ల వచ్చినది.

ఇలా నడుము ఒక పక్కకు వంగిపోవడాన్ని నరాల వైద్యులు పీసా సిండ్రోమ్ అంటారు. ఇటలీలో ఒరిగి నిలిచిన గోపురం పేరు మీద, 1972లో స్వీడన్‌కు చెందిన ఎక్‌బోమ్, ఆయన సహచరులు దీన్ని మొదట వర్ణించారు. వారు చూసిన రోగులు మతిమరుపు వ్యాధి ఉండి, మానసిక రోగాలకు ఇచ్చే మందులు వాడుతున్న స్త్రీలు, అంటే మొదటి వర్ణనలోనే మందుల పాత్ర ఉంది. కదలికలను, ఒంటి బిగువును నడిపించే మెదడు లోతులోని కేంద్రాల్లో డోపమిన్, ఎసిటైల్‌కోలిన్ అనే రసాయనాలు ఒకదానికొకటి సరితూగుతూ పనిచేస్తాయి. డోపమిన్‌ను అడ్డుకునే మందు గాని, ఎసిటైల్‌కోలిన్‌ను పెంచే మందు గాని ఆ తూకాన్ని చెడగొట్టగలవు. పక్షవాతం వల్ల ఒక వైపు కేంద్రాలు ముందే దెబ్బతిని ఉంటే, రెండు వైపులా ఒకే మోతాదులో చేరిన మందు ఒంటిని ఒక పక్కకే లాగడంలో ఆశ్చర్యం లేదు.

మీ జాబితాలో డోపమిన్‌ను అడ్డుకునే మందులు రెండున్నాయి. ఒకటి రిస్పెరిడోన్, అది మానసిక లక్షణాలకు ఇచ్చే మందు కాబట్టి వైద్యులకు వెంటనే గుర్తొస్తుంది. రెండోది లెవోసల్పిరైడ్. దీని గురించి కొంచెం ఎక్కువగా చెప్పాలి, ఎందుకంటే మన దగ్గర దీన్ని ఎవరూ మెదడు మీద పనిచేసే మందుగా లెక్కించరు. మీరు కూడా జాబితాలో ‘గ్యాస్ మాత్ర’ అనే రాశారు, స్ట్రిప్ ఫొటో పంపబట్టి అందులో ఏముందో తెలిసింది. లెవోసల్పిరైడ్ పొట్టను, పేగులను త్వరగా కదిలించి ఉబ్బరం తగ్గిస్తుంది, కాని అది మెదడులోకి కూడా చేరి డోపమిన్‌ను అడ్డుకునే మందు. సాధారణంగా 75 మిల్లీగ్రాముల లెవోసల్పిరైడ్‌ను రోజంతా నెమ్మదిగా విడుదలయ్యేలా చేసి, ఎసిడిటీ మందుతో కలిపి ఒకే క్యాప్సూల్‌గా అమ్ముతారు. దక్షిణ కొరియా నరాల వైద్యులు 2009లో ఈ మందు వల్ల కదలికల లోపాలు వచ్చిన రోగుల వివరాలు ప్రచురించారు, వారిలో అత్యధికులకు వచ్చినవి పార్కిన్‌సన్ లక్షణాలే. ఇది ప్రధానంగా మూత్రపిండాల ద్వారా బయటికి పోతుంది కనుక, వయసుతో పాటు కిడ్నీల పని తగ్గినవారిలో పేరుకుపోతుంది.

నా దగ్గరికి వచ్చేవారిని చీటీలు మాత్రమే కాదు, ఇంట్లో ఉన్న మందుల సంచి మొత్తం తెమ్మంటాను. బల్ల మీద కుమ్మరిస్తే, ఆసుపత్రి చీటీలో లేని స్ట్రిప్పు ఒకటి తరచుగా బయటపడుతుంది. ఎప్పుడో పది రోజులకు రాసిన గ్యాస్ మాత్రను, బాగుందని మెడికల్ షాపులో అడిగి తెచ్చుకుంటూ నెలల తరబడి వేసుకున్నది అది. స్ట్రిప్పు మీద పేరు చివర ‘డి’ అక్షరం ఉంటే సాధారణంగా డోంపెరిడోన్, ‘ఎల్’ ఉంటే చాలాసార్లు లెవోసల్పిరైడ్ కలిసి ఉంటుంది. అయితే అక్షరాన్ని నమ్ముకోకుండా వెనక సన్న అక్షరాల్లో ఉన్న మందుల పేర్లు చదవడమే పద్ధతి. డోంపెరిడోన్ మెదడులోకి అంతగా చేరదు, అయితే గుండె లయను మార్చగలదు కనుక అదీ నిరపాయమని అనుకోకూడదు. వాంతులకు ఇచ్చే మెటోక్లోప్రమైడ్, అంటే చాలామందికి పెరినార్మ్‌గా తెలిసిన మందు, ఇదే కోవలోది. యూరప్ మందుల నియంత్రణ సంస్థ 2013లో దాన్ని సాధారణంగా 5 రోజులకు మించి వాడవద్దని సూచించింది. తల తిరుగుడుకు ఇచ్చే స్టెమెటిల్, స్టుజెరాన్, తలనొప్పికి ఇచ్చే ఫ్లూనరిజిన్ కూడా డోపమిన్‌ను అడ్డుకుంటాయి. పక్షవాతం వచ్చినవారికి తల తిరుగుడు మందు ఏళ్ల తరబడి కొనసాగడం మన రాష్ట్రాల్లో మామూలైపోయింది, ఇది నాకు నిజంగా బాధ కలిగించే విషయం.

మిగతా మందుల సంగతి త్వరగా చెబుతాను. జ్ఞాపకశక్తికి ఇచ్చే డోనెపెజిల్, రివాస్టిగ్మైన్ ఎసిటైల్‌కోలిన్‌ను పెంచి పీసా వంపును తేగలవు. ఫిట్స్‌కు ఇచ్చే వాల్‌ప్రోయేట్ నెలల తరువాత కూడా పార్కిన్‌సన్ లక్షణాలు తేగలదు, ఫెనిటోయిన్ మోతాదు రక్తంలో ఎక్కువైతే మనిషి తూలతాడు. దిగులుకు ఇచ్చే కొన్ని మందులు, బీపీకి ఇచ్చే కొన్ని మూత్రం మాత్రలు సోడియంను తగ్గిస్తాయి, అప్పుడు మత్తుగా ఉండి ఒళ్లు నిలవదు. బీపీ మందులు, ప్రోస్టేట్‌కు ఇచ్చే టామ్సులోసిన్ లాంటివి కూర్చోగానే బీపీని పడగొట్టవచ్చు. పడుకున్నప్పుడు ఒకసారి, లేచి కూర్చున్న మూడు నిమిషాల లోపు మరోసారి బీపీ చూసి, పై అంకె 20 గాని, కింది అంకె 10 గాని తగ్గితే డాక్టరు గారికి చెప్పాలి. అటోర్వాస్టాటిన్ అరుదుగా తొడలు, భుజాల కండరాలను బలహీనపరుస్తుంది, అనుమానం ఉంటే సీకే అనే రక్తపరీక్ష చేస్తారు.

బాక్లోఫెన్ గురించి విడిగా చెప్పాలి, ఎందుకంటే మీ నాన్నగారి విషయంలో అది కారణం కన్నా పర్యవసానం. వంపు నెల క్రితం మొదలైంది, బాక్లోఫెన్ మూడు వారాల క్రితం వచ్చింది. అంటే మొదటి రెండు మందుల వల్ల వచ్చి ఉండగల బిగుతును పక్షవాతపు బిగుతుగా భావించి, దాన్ని తగ్గించడానికి ఇంకో మందు ఇచ్చినట్టు కనిపిస్తోంది. బాక్లోఫెన్ చేతిని, కాలిని వదులు చేసినట్టే నడుమును కూడా వదులు చేస్తుంది, మత్తు తెస్తుంది. దానితో అంతకు ముందు కాస్తో కూస్తో నిలిచిన ఒళ్లు పూర్తిగా జారిపోతుంది. ఇలా ఒక మందు దుష్ఫలితానికి మరో మందు, దానికి ఇంకొకటి చేరడం వృద్ధుల్లో తరచుగా జరుగుతుంది. తరువాతి మెట్టుగా, ఇలాంటి బిగుతుకు, వణుకుకు ఇచ్చే పాసిటేన్ అనే మాత్ర రాసే అవకాశం ఉంది. యువకులకు అది ఉపయోగపడవచ్చు గాని, 68 ఏళ్ల పక్షవాత రోగికి మూత్రం ఆగిపోవడం, మలబద్ధకం, మతి తప్పడం తెచ్చిపెడుతుంది. కారణమైన మందును తీయగలిగినప్పుడు దాన్ని చేర్చకపోవడమే మంచిదని నా ఉద్దేశం.

ఇక మానేయవచ్చా అన్న ప్రశ్న. క్లోపిడోగ్రెల్‌ను, బీపీ మందును, స్టాటిన్‌ను దయచేసి ముట్టుకోకండి, వంపుకు భయపడి రక్తం పలుచబడే మందు ఆపితే మళ్లీ పక్షవాతం రావచ్చు. బాక్లోఫెన్‌ను ఒక్కసారిగా ఆపితే ఫిట్స్, భ్రమలు రావచ్చు, దాన్ని మెట్లుమెట్లుగా తగ్గించే లెక్క డాక్టరు గారే రాసివ్వాలి. అన్నిటికన్నా ముందు తీయవలసినది లెవోసల్పిరైడ్ అని నేననుకుంటాను, ఎందుకంటే అది లేకపోతే పోయేది ఉబ్బరం విషయంలో కొంత సౌకర్యం మాత్రమే. అయితే ఆ క్యాప్సూల్‌లో ఉన్న రెండో మందు రాబెప్రజోల్ కడుపులో పుండ్లు పడి రక్తం కారకుండా కాపాడుతోంది. క్లోపిడోగ్రెల్ వాడే మనిషికి ఆ రక్షణ అవసరం కావచ్చు. కనుక క్యాప్సూల్ మొత్తం మానేసి ఊరుకోకుండా, రాసిన డాక్టరు గారికి ఫోన్ చేసి, లెవోసల్పిరైడ్ లేకుండా ఒట్టి రాబెప్రజోల్ లేదా పాంటోప్రజోల్ ఇవ్వమని అడగండి. ఒమెప్రజోల్, ఎసోమెప్రజోల్ మాత్రం క్లోపిడోగ్రెల్ పనిని తగ్గించగలవు కనుక అవి వద్దని గుర్తుచేయండి.

రిస్పెరిడోన్ విషయంలో మాత్ర తీసేయడం కన్నా ముందు, రాత్రిళ్లు ఎందుకు కేకలు వేశారో తెలుసుకోవాలి. మలబద్ధకం, మూత్రం నిండిపోవడం, పడిపోయిన భుజంలో నొప్పి, పగలంతా నిద్రపోవడం, కళ్లద్దాలు పెట్టకపోవడం, గదిలో పూర్తి చీకటి, ఇవన్నీ మాట సరిగ్గా రాని మనిషిని కేకలు వేయిస్తాయి. మతిమరుపు ఉన్న వృద్ధులకు ఈ తరగతి మందులు ఇస్తే మరణాలు పెరుగుతున్నాయని అమెరికా మందుల నియంత్రణ సంస్థ 2005లోనే హెచ్చరిక జారీ చేసింది. కాబట్టి కేకలు తగ్గి ఉంటే, మందును నెమ్మదిగా తగ్గించి ఆపడానికి ఇదే సమయం. ఇంకా అవసరమే అనిపిస్తే, డోపమిన్‌ను తక్కువగా అడ్డుకునే క్వెటియాపిన్ లాంటిది చిన్న మోతాదులో, కొద్ది రోజులకు సరిపోతుందేమో డాక్టరు గారు ఆలోచిస్తారు.

ఈ వారంలోనే నరాల వైద్యుడి దగ్గరికి తీసుకెళ్లండి. వెళ్లేముందు ఒక తెల్లకాగితం మీద ఎడమ పక్కన ప్రతి మందూ మొదలైన, పెంచిన, ఆపిన తేదీలు, కుడి పక్కన లేవలేకపోయిన రోజు, చొంగ మొదలైన రోజు, కిందపడిన రోజు రాసుకోండి. నా అనుభవంలో స్కాన్ కన్నా ఎక్కువ చెప్పేది ఆ కాగితమే. అయినా స్కాన్ అక్కర్లేదని కాదు. రక్తం పలుచబడే మందు వాడుతూ ఈ మధ్య ఒక్కసారైనా కిందపడి ఉంటే, తలకు సీటీ స్కాన్ తీయించి, లోపల రక్తం చేరలేదని తేల్చుకోవాలి. సోడియం, కిడ్నీల పనిని తెలిపే క్రియాటినిన్, మూత్రపరీక్ష కూడా చేయించండి.

కొన్ని పరిస్థితుల్లో వారం ఆగకూడదు. మూతి వంకరపోవడం, మాట తడబడడం, కుడి పక్క కూడా పట్టు తప్పడం అకస్మాత్తుగా వస్తే, అది కొత్త పక్షవాతం కావచ్చు. గడ్డ కరిగించే ఇంజెక్షన్‌కు నాలుగున్నర గంటల గడువే ఉంటుంది కనుక వెంటనే బయలుదేరాలి. వాంతుల ఇంజెక్షన్ లేదా కొత్త మాత్ర తరువాత మెడ మెలితిరగడం, కనుగుడ్లు పైకి నిలిచిపోవడం, దవడ లేదా నాలుక బిగుసుకోవడం మందు వల్ల వచ్చే తీవ్రమైన కండరాల పట్టు. అత్యవసర విభాగంలో ఫెనర్గాన్ లాంటి ఇంజెక్షన్‌తో అది త్వరగా విడుస్తుంది, కాని శ్వాసకు అడ్డుపడే ప్రమాదం ఉంది కనుక ఇంట్లో వేచి చూడకూడదు. రిస్పెరిడోన్ లాంటి మందు వాడేవారికి పెద్ద జ్వరం, ఒళ్లంతా కర్రలా బిగుసుకోవడం, మగత కలిసి వస్తే అది ప్రాణాపాయమే.

మందు ఆపిన తరువాత ఫలితం ఒక్క రోజులో కనిపించదు. కొందరిలో రెండు మూడు వారాల్లోనే చొంగ తగ్గి, తల నిలబడుతుంది, నడుము వంపు సరికావడానికి నెలలు పట్టవచ్చు. ఆరు నెలలు దాటినా తగ్గకపోతే, ముందే లోపల దాగి ఉన్న పార్కిన్‌సన్ వ్యాధిని మందు బయటపెట్టిందా అని ఆలోచిస్తారు, దానికి మెదడులో డోపమిన్ వ్యవస్థను చూపే ట్రోడాట్ అనే స్కాన్ కొన్ని పెద్ద ఆసుపత్రుల్లో ఉంది. ఈలోగా ఫిజియోథెరపీ ఆపవద్దు, అయితే వంగిన వైపు దిండ్లు పేర్చి దాని మీదికి వాలనివ్వడం వల్ల వంపు అలవాటవుతుంది. పాదాలు నేలకు ఆనే గట్టి కుర్చీ, ముందు బల్ల, దాని మీద రెండు మోచేతులు, ఎదురుగా నిలువుటద్దం ఉంచి, రోజుకు కొద్దిసేపు చొప్పున చాలాసార్లు కూర్చోబెట్టండి. లేపేటప్పుడు పడిపోయిన చేతిని పట్టి లాగకండి, భుజం కీలు జారుతుంది. వంగిన భంగిమలో అన్నం పెట్టకండి, ఈ మందులు మింగడాన్ని కూడా మందగింపజేస్తాయి కనుక మెతుకు ఊపిరితిత్తుల్లోకి పోయి న్యుమోనియా రావచ్చు. నిటారుగా కూర్చోబెట్టి, చిన్న ముద్దలు పెట్టి, తిన్నాక అరగంట పడుకోనివ్వకండి.

మందే కారణమని డాక్టరు గారు తేల్చితే రెండు పనులు మిగులుతాయి. ఆయన ఫైలు మొదటి పేజీలో లెవోసల్పిరైడ్, మెటోక్లోప్రమైడ్, స్టెమెటిల్, హాలోపెరిడాల్ ఇవ్వకూడదని పెద్ద అక్షరాలతో రాయించండి, ఎందుకంటే రేపు వాంతులని ఏ ఆసుపత్రికి వెళ్లినా మొదట ఇచ్చే ఇంజెక్షన్ వీటిలో ఒకటి కావచ్చు. రెండోది, మందుల దుష్ఫలితాలను నమోదు చేసే జాతీయ కార్యక్రమం మన దేశంలో 2010 నుంచి ఉంది, రోగి కుటుంబం కూడా నేరుగా 1800-180-3024 నంబరుకు చెప్పవచ్చు. అక్కడ చెప్పేటప్పుడు మందు పేరు, మోతాదు, మొదలుపెట్టిన తేదీ, వంపు కనిపించిన తేదీ అడుగుతారు, మీరు రాసుకున్న కాగితం దగ్గర పెట్టుకుని ఫోన్ చేయండి.